పాత ట్రావెలర్ మోటర్‌హోమ్: నాలుగో సిలిండర్ హీటర్ ప్లగ్గుకి చెయ్యి వెళ్లడం లేదు, ఇంజిన్ దించాల్సిందేనా?

నాగావళి_ఒడ్డు (శ్రీకాకుళం)

అందరికీ నమస్కారం. మాది పాత టెంపో ట్రావెలర్, 1999 మోడల్. మేం కొనేసరికే ఎవరో మోటర్‌హోమ్‌గా మార్చేశారు. వెనక పడకలు, మధ్యలో సింకు, గ్యాస్ పొయ్యి, డ్రైవర్ సీటు వెనక నుంచే ప్లైవుడ్ వంటగట్టు. అమ్మానాన్నలకి హోటల్ గదులు పడవు, ఈ బండి ఉంటేనే ఊరు కదులుతారు, అందుకే దీని మీద నాకింత బెంగ.

పొద్దున్న మొదటిసారి సెల్ఫ్ కొడితే చాలాసేపు తిరుగుతుంది, తర్వాత తెల్ల పొగ కక్కుతూ అందుకుంటుంది, బండి మొత్తం ఊగిపోతుంది, కాసేపటికి ఇంజిన్ వేడెక్కాక ఏమీ జరగనట్టు మామూలైపోతుంది. మధ్యాహ్నం ఆపి మళ్లీ తీస్తే వెంటనే స్టార్ట్. మొదట్లో అరకు వెళ్లినప్పుడే ఇలా చేసేది, చలి కదా అనుకున్నాం. ఇప్పుడు ఇక్కడ ఇంటి ముందు కూడా అదే వరస.

ఒక షెడ్డులో చూపిస్తే హీటర్ ప్లగ్గు (చల్లటి డీజిల్ ఇంజిన్ అందుకోవడానికి సిలిండర్‌లో వేడి పుట్టించేది) పోయిందన్నారు. ముందు మూడింటికి చెయ్యి వెళ్తుంది గానీ నాలుగోది క్యాబిన్ కిందికి పోయింది, ఇంజిన్ దించాల్సిందే అన్నారు. ఇంజిన్ మూత సీట్ల మధ్యనే ఉంది, కానీ దాని వెనక అంచు మీదికి వంటగట్టు తెచ్చి మేకులు కొట్టేశారు. మూత నాలుగు వేళ్లు పైకి లేస్తుంది, అంతే. ఒక్క ప్లగ్గు కోసం ఇంజిన్ దించడమంటే మనసు ఒప్పడం లేదు. ఎవరైనా చేసుంటే దారి చెప్పండి.

సాలూరు_రెంచి (సాలూరు)

దించొద్దు. ఏది పోయిందో ఇంకా ఎవరూ మీటర్ పెట్టి చూడలేదు కదా, ముందు అది తేల్చండి.

మీ బండిలో ఉన్నది ఓఎం 616 అయుండాలి. మెర్సిడెస్ డిజైన్, నాలుగు సిలిండర్లు, 2.4 లీటర్లు, బజాజ్ టెంపో వాళ్లు లైసెన్స్ తీసుకుని ఇక్కడే తయారుచేశారు (అదే కంపెనీ 2005లో ఫోర్స్ మోటార్స్ అయింది). ఈ ఇంజిన్‌లో డీజిల్ నేరుగా పిస్టన్ మీద పడదు. హెడ్‌లో, అంటే సిలిండర్ల పై భాగంలో, ఒక చిన్న గది ఉంటుంది, అక్కడ పడి, అక్కడే అంటుకుని, మంట కిందికి వస్తుంది. రాత్రంతా నిలబడిన బండిలో ఆ గది గోడలు చల్లబడి ఉంటాయి, కంప్రెషన్‌లో పుట్టిన వేడిని అవే లాగేసుకుంటాయి. అందుకే 21కి 1 కంప్రెషన్ ఉన్నా హీటర్ ప్లగ్గు లేకపోతే పొద్దున్న పూట సరిగా అందుకోదు, మన శ్రీకాకుళం వేడిలో కూడా. ప్లగ్గు పోయిన సిలిండర్‌లో డీజిల్ కాలకుండా ఆవిరిలా బయటికి పోతుంది, మీ తెల్ల పొగ అదే. పొగ కళ్లు మండిస్తూ పచ్చి డీజిల్ వాసన కొడుతుందా? అయితే అనుమానం సరైనదే. అలా కాకుండా ఇంజిన్ వేడెక్కాక కూడా పొగ ఆగకపోయినా, రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతున్నా అది హెడ్ గ్యాస్కెట్ సంగతి, వేరే దారి.

పరీక్ష తేలిక. ప్లగ్గు కొసన 8 నంబర్ నట్టు ఉంటుంది, అది విప్పి వైరు పక్కకి తీయండి. మీటర్ ఓమ్స్‌లో పెట్టి ఒక తీగ ప్లగ్గు కొసకి, ఇంకోటి ఇంజిన్ బాడీకి తాకించండి. బాగున్న ప్లగ్గు ఒక ఓమ్ లోపే చూపిస్తుంది, మీటర్ అసలు కదలకపోతే లోపల తీగ తెగిపోయినట్టు. తర్వాత ఆ తీసిన వైరుకి, కీ హీటర్ మీద పెట్టినప్పుడు, కరెంటు వస్తోందో లేదో కూడా చూడండి. రాకపోతే తప్పు రిలేలోనో (కరెంటు కలిపే స్విచ్చు) ఫ్యూజులోనో ఉంది, ప్లగ్గు మార్చి లాభం లేదు. ప్లగ్గుకి రెండు కొసలుండి వైరు ఒకదాన్నుంచి ఇంకోదానికి గొలుసులా వెళ్తుంటే అది పాత రకం, ఒకటి పోతే నాలుగూ పనిచేయవు.

గజపతినగరం_గేరు

రెంచి అన్నా, మీ మాట కాదనను గానీ ఇరవై ఐదేళ్లు దాటిన బండి. ఇంజిన్ దించితే క్లచ్ ప్లేటు చూసుకోవచ్చు, వెనక ఆయిల్ సీలు మార్చుకోవచ్చు, మౌంటింగ్ రబ్బర్లు ఎలాగూ గట్టిపడిపోయుంటాయి. అంత ఇరుకులో చెయ్యి దూర్చి సగం కనపడి సగం కనపడక పానా తిప్పితే బోల్టు తల గుండ్రంగా అరిగిపోతుంది, అప్పుడు ఎలాగూ దించాల్సిందే. నా ఓటు దించడానికే.

సాలూరు_రెంచి

తమ్ముడూ, క్లచ్ జారుతోందని ఆయన అనలేదు, ఆయిల్ కారుతోందనీ అనలేదు. ఆ ఇంజిన్ బయటికి రావాలంటే రేడియేటర్, హోసులు, సైలెన్సర్ పైపు, గేర్‌బాక్స్ లింకులు, పంపు తీగలు అన్నీ విప్పాలి. పాత బండిలో విప్పిన ప్రతి రబ్బరూ, ప్రతి వైరు కొసా విరగడానికి సిద్ధంగా ఉంటుంది. పనికి పని కల్పించుకోవడమే అది. మా సాలూరులో లారీ షెడ్లకి కొదవ లేదు, ఇక్కడ పెద్ద మేస్త్రీలు ఎవరైనా ముందు అడిగేది ఒకటే: దారికి అడ్డం ఏముంది, అది ఇంజినా, బాడీయా? ఈయన బండిలో అడ్డం వచ్చింది ఇంజిన్ కాదు, ఎవరో కొట్టిన ప్లైవుడ్.

నాగావళి_ఒడ్డు

మీటర్ పెట్టి చూశాను. ఒకటి, రెండు, మూడు మూడూ ఒక ఓమ్ లోపే. నాలుగోదానికి క్లీనర్ సీటు వైపు కాళ్లు పెట్టుకునే చోటు నుంచి వేళ్ల కొసలు మాత్రమే అందుతున్నాయి, నట్టు విప్పడం నా వల్ల కాలేదు, మా చెల్లి చెయ్యి సన్నం, తనే విప్పింది. మీటర్ కదలలేదు, అంటే తెగిపోయింది. వైరుకి కరెంటు మాత్రం బాగానే వస్తోంది. పొగ కూడా పచ్చి డీజిల్ వాసనే, నీళ్లు తగ్గడం లేదు.

కానీ ప్లగ్గు విప్పడం వేరే లెక్క. దాని ముందు డీజిల్ చిమ్మే నాజిళ్ల పైపులు అడ్డంగా ఉన్నాయి, పైనుంచి చూద్దామంటే వంటగట్టు. అద్దం పెట్టి, లైటు వేసి చూస్తే ప్లగ్గు తల ఒక పక్క మాత్రం కనపడుతోంది.

కంటోన్మెంట్_కొయ్య (విజయనగరం)

నేను వడ్రంగి పని చేస్తాను, ఇళ్లకీ బళ్లకీ కూడా. మీరు ఇంజిన్ గురించి అడిగారు గానీ మీకు కావాల్సింది ముందు రంపం అండి.

ఆ వంటగట్టు ముందు భాగం కోసేయండి, భయపడకండి. మూత వెనక అంచు నుంచి ఒక జానెడు వెనక్కి గీత గీసి అక్కడ కోయాలి. కోసే ముందు కింద ఏం పోతోందో చూసుకోండి, ఈ మార్పిడి బళ్లలో సింకు నీళ్ల పైపు, గ్యాస్ గొట్టం, లైట్ల వైర్లు అన్నీ గట్టు కిందే కట్టేస్తారు. కరెంటు రంపం వద్దు, చేతి రంపంతో నెమ్మదిగా కోయండి, లోతు మీ చేతిలో ఉంటుంది. కోసిన ముక్క పారేయకండి. దాన్నే మళ్లీ తలుపులా పెట్టుకోవచ్చు, కింద రెండు పక్కలా చెక్క పట్టీలు వేసి వాటి మీద కూర్చోబెట్టి, మేకుల బదులు నట్టు బోల్టులు. ప్లైవుడ్‌లో స్క్రూ పదిసార్లు విప్పి బిగిస్తే కన్నం వదులైపోతుంది, అదే లోపల నట్టు దిగ్గొట్టి బోల్టు వేస్తే ఎన్నిసార్లు విప్పినా ఫర్వాలేదు. బండి ఊగుడికి మేకు ఎప్పుడూ నిలవదు, పైగా ఊడదీసేటప్పుడు చెక్కని చీల్చేస్తుంది.

ఈ పని ఒకసారి చేసుకుంటే ప్లగ్గుకే కాదు, రేపు నాజిళ్లు తీయాలన్నా, ట్యాపెట్లు (వాల్వుల దగ్గరి ఖాళీ) సెట్ చేయాలన్నా, ఇంజిన్ వెనక వైపు ఏం చూడాలన్నా పది నిమిషాల్లో మూత లేస్తుంది. బండిని ఇల్లు చేసేటప్పుడు ఇంజిన్‌కి దారి ఒగ్గేయడం మరిచిపోతారు జనం, నేను చూసిన చాలా బళ్లలో ఇదే.

చంపావతి_వైర్లు

కొయ్య గారు చెప్పింది బాగుంది. దానికి ముందు రెండు మాటలు, దయచేసి తేలిగ్గా తీసుకోకండి.

ఒకటి, బ్యాటరీ ఎర్త్ తీసేస్తే చాలనుకుంటారు. మోటర్‌హోమ్‌లో రెండు బ్యాటరీలు ఉంటాయి, ఇంజిన్‌కి ఒకటి, ఇంట్లో లైట్లకీ ఫ్యాన్లకీ ఒకటి, రెండింటినీ కలిపే రిలే మధ్యలో ఉంటుంది. ఆ రిలే అంటుకుపోయి ఉంటే ఒకదాని ఎర్త్ తీసినా రెండోది ఇంజిన్ వైపు కరెంటు పంపుతూనే ఉంటుంది. హీటర్ ప్లగ్గుల వైరు మందం చూడండి, ఎంత కరెంటు లాగుతుందో తెలుస్తుంది. ఆ కొసకి పానా తాకి ఇంకో పక్క బాడీకి తగిలితే నిప్పురవ్వలు లేస్తాయి, చెయ్యి కాలుతుంది. రెండు బ్యాటరీల ఎర్తులూ తీయండి, కప్పు మీద సోలార్ పలక ఉంటే దాని వైరు కూడా.

రెండు, గ్యాస్ సిలిండర్. వాల్వ్ కట్టేసి రెగ్యులేటర్ తీసి సిలిండర్‌ని బండి బయట, నీడలో పెట్టండి. వంటగ్యాస్ గాలి కన్నా బరువు, లీకైతే పైకి పోదు, నేల మీదే పరుచుకుని ఇంజిన్ గుంటలోకి దిగుతుంది. అక్కడే మీరు పానా పట్టుకుని ఉంటారు.

నాగావళి_ఒడ్డు

చంపావతి గారూ, చాలా థ్యాంక్స్, మా బండిలో నిజంగానే రెండు బ్యాటరీలు, సోలార్ కూడా. మూడూ తీశాక ప్లగ్గు వైరుకి మీటర్ పెట్టి కరెంటు లేదని చూసుకుని మరీ రంపం పట్టాను.

గట్టు కోశాను. కింద సింకు పైపు సరిగ్గా కొయ్య గారు చెప్పినట్టే ఉంది, పక్కకి జరిపి క్లిప్పు వేశాను. మూత మొత్తం లేచింది, నాలుగో సిలిండర్ కళ్ల ముందుంది! నాన్న డ్రైవర్ సీట్లో మోకాళ్ల మీద కూర్చుని లైటు పట్టుకుంటే క్లీనర్ వైపు నుంచి నేను, పైనుంచి చెల్లి. మూడు, నాలుగు నాజిల్ పైపులు 14 పానాతో విప్పి తీశాను, తెరుచుకున్న కొసలన్నిటికీ శుభ్రమైన పాలిథిన్ చుట్టి రబ్బరు బ్యాండ్లు వేశాం. ఇంజిన్ కింద సందుల్లో పాత బట్టలు కుక్కాం, నట్టు జారితే అందులోనే ఆగాలని.

ఇప్పుడు 12 నంబర్ బాక్సు పానా పెడితే ప్లగ్గు కదలడం లేదు. కొంచెం గట్టిగా తిప్పితే రాచెట్ సాగినట్టు అనిపిస్తోంది, ప్లగ్గే మెలిపడుతోందేమోనని టెన్షన్‌గా ఉంది. ఆపేశాను.

కళింగపట్నం_లైట్‌హౌస్

ప్లగ్గు రాకపోతే దాన్ని అలాగే ఉంచేసి నడుపుకోవచ్చు కదా. మా ఊళ్లో పాత వ్యాన్లవాళ్లు ఎయిర్ ఫిల్టర్ దగ్గర గుడ్డ ముట్టించి పెట్టి స్టార్ట్ చేస్తారు, కొందరు స్ప్రే కొడతారు, టక్కున అందుకుంటుంది.

సాలూరు_రెంచి

లైట్‌హౌస్ బాబూ, వద్దు. మీరు మంచికే చెప్పారని తెలుసు, కానీ హీటర్ ప్లగ్గులు ఉన్న ఇంజిన్‌లోకి స్టార్టింగ్ స్ప్రే కొడితే అది ఎర్రగా కాగిన ప్లగ్గుకి తగిలి పిస్టన్ పైకి రాకముందే పేలుతుంది. రింగులు విరుగుతాయి, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఇంట్లో మనుషులు పడుకునే బండిలో, పక్కనే గ్యాస్ పొయ్యి ఉన్న బండిలో గుడ్డ ముట్టించడం అసలు మాటే కాదు.

నాగావళి గారూ, ఆపి మంచి పని చేశారు, ఇదే అసలు ఘట్టం. ప్లగ్గు విరగడం ఇక్కడే జరుగుతుంది. దాని లోపలి కొస హెడ్‌లోని ఆ చిన్న గదిలో ఉంటుంది, చుట్టూ ఏళ్ల తరబడి బొగ్గు పేరుకుని బిగదీసింది. బలం పెంచకండి. మర దగ్గర చొరబడే నూనె పోసి ఒక రాత్రి ఒగ్గేయండి. పొద్దున్న పైపులు మళ్లీ పెట్టి, వాటిలో చేరిన గాలి తీసి, బ్యాటరీలు కలిపి ఇంజిన్ పూర్తిగా వేడెక్కేదాకా నడపండి, ఆపి అన్నీ మళ్లీ విప్పి, వేడి మీదే ప్రయత్నించండి. హెడ్ వేడికి వ్యాకోచించినప్పుడు పట్టు సడలుతుంది. రెట్టింపు పని అనిపిస్తుంది, అయినా చేయండి. చేతికి గుడ్డ చుట్టుకోండి, అవతలి పక్క మానిఫోల్డ్ కాలుతుంది.

తిప్పేటప్పుడు పొట్టి రాచెట్ వాడండి, టామీకి పైపు తొడగొద్దు. ఎడమకి ఒక వెంట్రుకవాసి, మళ్లీ కుడికి, మళ్లీ ఎడమకి. కిర్రుమని చప్పుడు చేస్తూ కదిలితే అది మంచి శకునం, కదిలినప్పుడల్లా నూనె చుక్క వేయండి. ఒకవేళ విరిగినా ప్రపంచం మునిగిపోదు, ఈ ఇంజిన్‌లో నాజిల్ తీసేసి ఆ గదిని కూడా దాని ప్రత్యేక పానాతో పైనుంచే బయటికి తీయొచ్చు, హెడ్ దించక్కర్లేదు. కానీ ఆ పానా ఉన్న షెడ్డు వెతుక్కోవాలి.

టెక్కలి_మాస్టారు

ఐటీఐలో డీజిల్ మెకానిక్ ట్రేడు చెప్పి రిటైరయ్యాను. రెంచి చెప్పిన పద్ధతి సరైనదే. నేను రెండు మూడు సంగతులు కలుపుతాను.

ప్లగ్గు వచ్చాక ఆ కన్నాన్ని వట్టిగా ఒగ్గేయకండి. బొగ్గు అలాగే ఉంటే కొత్త ప్లగ్గు కొస దానికి ఆనుకుని త్వరగా కాలిపోతుంది. దీనికి రీమర్ (కన్నం లోపల గీకే పనిముట్టు) దొరుకుతుంది, దానికి గ్రీజు పూసి చేత్తో తిప్పుతూ దించండి, గ్రీజుకి బొగ్గు అంటుకుని వస్తుంది, తుడిచి మళ్లీ. తర్వాత ప్లగ్గు పెట్టకముందే సెల్ఫ్ కొద్దిగా తిప్పితే మిగిలిన పొడి గాలితోపాటు బయటికి ఎగిరిపోతుంది. ఆ సమయంలో ముఖం అక్కడ ఉండకూడదు.

నాలుగూ ఒకేసారి మార్చేయండి. మిగతా మూడూ అదే వయసువి, మీరు దారి తెరిచే ఉంచారు.

పైపులు బిగించాక పంపు పక్కనున్న చేతి పంపుతో గాలి తీయండి, తర్వాత నాజిల్ దగ్గర నట్లు సగం వదులు చేసి సెల్ఫ్ తిప్పితే బుడగలు పోయి డీజిల్ చిమ్ముతుంది, అప్పుడు బిగించండి. లీకు చూడడానికి చెయ్యి పెట్టకండి! నాజిల్ వంద బార్ దాటిన ఒత్తిడికి గానీ తెరుచుకోదు, ఆ ఒత్తిడితో వచ్చే సన్నటి ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. సూది గుచ్చినంతే కనపడుతుంది, లోపల కండ కుళ్లిపోతుంది, వెంటనే ఆపరేషన్ చేయకపోతే వేలు తీసేయాల్సి వస్తుంది. అట్ట ముక్క పెట్టి చూడండి, తడిస్తే లీకు.

ఇంకొకటి. మూత ఎలాగూ తెరిచారు కాబట్టి ట్యాపెట్లు చూడండి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఓఎం 616కి ఇన్‌లెట్ 0.10, ఎగ్జాస్ట్ 0.30 మిల్లీమీటర్లు, మీ బండి పుస్తకంలో వేరే అంకె ఉంటే అదే పాటించండి. ఖాళీ లేకుండా బిగుసుకుపోతే వాల్వు పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ కారిపోతుంది, అప్పుడు కొత్త ప్లగ్గులు పెట్టినా పొద్దున్న తిప్పలు పూర్తిగా పోవు. చాలామంది ప్లగ్గులు మార్చి ఇక్కడ ఆగిపోతారు.

నాగావళి_ఒడ్డు

వచ్చింది! రెంచి అన్నా, మాస్టారూ, అందరికీ దండాలు.

రాత్రంతా నూనె పోసి ఉంచి, పొద్దున్న ఇంజిన్ బాగా కాగాక మొదలుపెట్టాం. ముందు చిన్న కిర్రుమన్న చప్పుడు, అంతే, ఆ చప్పుడు వినగానే నాన్న లైటు పట్టుకున్న చెయ్యి కూడా కదిలింది. అక్కడి నుంచి ఇటూ అటూ తిప్పుతూ తీశాం. బయటికి వచ్చిన ప్లగ్గు కొస ఉబ్బి, ఒక పక్క చీలి ఉంది, మర మొదట్లో నల్లటి బొగ్గు పెంకులా పట్టేసింది. మిగతా మూడింటి కొసలు సన్నగా, నున్నగా ఉన్నాయి, పక్కపక్కన పెడితే తేడా చిన్నపిల్లాడికి కూడా తెలుస్తుంది.

రీమర్‌తో తిప్పితే తారులాంటి మడ్డి వచ్చింది, ఇంక రావడం ఆగేదాకా చేశాం. కొత్తవి నాలుగూ ముందు చేత్తో పూర్తిగా తిప్పి, చివర్లో మాత్రమే పానా పెట్టాం. వైరు నట్టు బాక్సులో కొంచెం గ్రీజు పెట్టి అంటించి చెల్లి ఎక్కించింది, ఒక్కటీ కింద పడలేదు. అట్ట పెట్టి చూస్తే మూడో పైపు పంపు దగ్గర తడి కనపడింది, ఇంజిన్ ఆపి విప్పి తుడిచి మళ్లీ బిగిస్తే పోయింది.

ట్యాపెట్లు మర్నాడు చల్లారాక చూశాను. రెండు ఎగ్జాస్ట్ వాల్వులకి ఖాళీ కొలిచే 0.30 రేకు అసలు దూరలేదు. రెండు 14 పానాలు పట్టుకుని సెట్ చేశాను. మాస్టారూ, మీరు చెప్పకపోతే అది చూసేవాడినే కాదు. ఇవాళ తెల్లవారుజామున కీ హీటర్ మీద పెట్టి, దీపం ఆరాక సెల్ఫ్ కొడితే వెంటనే అందుకుంది, ఊగుడు లేదు, పొగ కొద్దిగా వచ్చి ఆగిపోయింది.

గజపతినగరం_గేరు

సంతోషం. ఈ బండి వరకు దించకపోవడమే సరైంది, ఒప్పుకుంటున్నాను. క్లచ్ జారడం మొదలైతే మాత్రం అప్పుడు మళ్లీ ఇక్కడే మాట్లాడుకుందాం.

ఒక సందేహం. ఆ కోసిన గట్టు ముక్క, ఇంజిన్ మూత, వీటి అంచుల్లోంచి పొగ లోపలికి రాదా? రాత్రి పడుకునే బండి కదా.

కంటోన్మెంట్_కొయ్య

మంచి ప్రశ్న, ఇది ముఖ్యం. ఇంజిన్ మూత చుట్టూ రబ్బరు పట్టీ ఉంటుంది, పాత బండిలో గట్టిపడి పగిలిపోయుంటుంది. మూత తీసినప్పుడే దాన్ని పీకేసి కొత్తది వేయండి, వేడిని తట్టుకునే రబ్బరు అని అడిగి తీసుకోండి, మామూలు తలుపు ఫోమ్ పట్టీ నెల తిరక్కుండా కరిగి అంటుకుపోతుంది. మూత బిగించాక రాత్రి పూట లోపల లైటు పెట్టి బయట బానెట్ ఎత్తి చూడండి, వెలుతురు కనపడిన చోటల్లా సందు ఉన్నట్టే. నా తలుపు ముక్కకి కింద అదే పట్టీ అతికించి బోల్టులు సమంగా బిగించండి.

చంపావతి_వైర్లు

పట్టీ ఎంత బాగా వేసినా కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, మనకి తెలియదు. పడక దగ్గర అలారం ఒకటి పెట్టుకోండి. గ్యాస్ అలారం వేరు, అది నేలకి దగ్గరగా ఉండాలి, ఇది పడుకున్న మనిషి తల ఎత్తులో. ఇంజిన్ నడుస్తూ ఉండగా లోపల ఎవరూ పడుకోవద్దు, ఏసీ కోసం అయినా సరే.

నాగావళి_ఒడ్డు

రబ్బరు పట్టీ పూర్తిగా పగిలిపోయింది, మూత తీసినప్పుడే చూశాం. అలారాలు రెండూ చెప్పిపెట్టాను. కొయ్య గారూ, మూత అంచు వంకరగా ఉన్న చోట పట్టీ వేయడానికి కోణం దగ్గర కోసి అతకాలా, వంచాలా?

కంటోన్మెంట్_కొయ్య

వంచండి. కోస్తే ఆ అతుకు దగ్గరే ముందు తెరుచుకుంటుంది. మొదలు, చివర కలిసే అతుకు ఒక్కటే ఉండాలి, అది కూడా సీటు పక్కన కాకుండా ముందు వైపు, బానెట్ దగ్గర పెట్టండి.